అటక మీది గోదావరి

ఏ యింట్లోనైనా అటక మీద చెయ్యి పెడితే కొన్ని వస్తువులు తప్పకుండా తగుల్తాయి. అడుగు వూడిన యిత్తడి గంగాళం, పిల్లలు పెద్దవాళ్లయ్యాక విప్పి కట్టిన ఉయ్యాల తాళ్లు, చెవులు విరిగిన ఫోటో ఫ్రేములు, వాటి వెనకాల నాలుగైదు నల్లటి వీడియో కేసెట్లు. వాటి వీపు మీద బాల్‌పెన్నుతో రాసిన అక్షరాలు సగం చెరిగిపోయి వుంటాయి. "పెండ్లి - 1", "పెండ్లి - 2", "బాబు పుట్టిన రోజు". పారేద్దామంటే చేతులు రావు, చూద్దామంటే యంత్రం లేదు. దసరాకి దుమ్ము దులిపి, మళ్లీ వున్నచోటే పెట్టేస్తాం.

ఆ కేసెట్లలో యాత్రల కేసెట్లది వేరే కులం. పెళ్లి కేసెట్‌లో అందరూ అలంకరించుకుని, కెమెరా వంక చూసి బిగుసుకుపోయి వుంటారు. యాత్రలో అలా కాదు. జుట్టు చెదిరిపోయి వుంటుంది, చీర కుచ్చిళ్లు తడిసి వుంటాయి, ఎవరో అరటి పండు తింటూ దొరికిపోతారు. అందులోనూ పడవ ప్రయాణమైతే మరీ ముచ్చట. పడవలోంచి ఎవరూ ఎక్కడికీ పోలేరు కదా! ఇప్పుడు దాన్ని "క్రూజ్" అంటున్నారు. పిల్లలు సింగపూర్ నుంచి, అమెరికా నుంచి సముద్రం మీద ఏడంతస్తుల ఓడల్లో తిరిగి ఫోన్లలో వీడియోలు పంపుతున్నారు. మా కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల వాళ్లకి ఆ రోజుల్లో ఆ మాట తెలీదు. సముద్రమే లేని సీమ మాది. మాకు తెలిసిన క్రూజల్లా గోదావరి మీద లాంచీ ప్రయాణమే.

1993 సంక్రాంతి సెలవుల్లో మా యింటిల్లిపాదీ చేసిన అలాంటి ప్రయాణం కేసెట్ ఒకటి ఈ మధ్యనే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి చూశాం. చూశాక నాకో విషయం విచిత్రంగా తోచింది. తీసినవాళ్లు ముచ్చటపడి చూపించిన దృశ్యాలు వస్తుంటే "ముందుకి జరుపు, ముందుకి జరుపు" అన్నాం. వాళ్లు చూపించాలని అనుకోనైనా అనుకోనివి, ఊరికే వెనకాల పడినవి వచ్చినప్పుడు "ఆపు, ఆపు" అని ఆపి మరీ చూశాం. ఇది మా యింటి చాదస్తమేనా అని చరిత్ర తిరగేస్తే, సినిమా పుట్టిన నాటి నుంచీ జరుగుతున్నది ఇదేనని తెలిసింది.

ఫ్రాన్సులో లూమియేర్ సోదరులని ఇద్దరు అన్నదమ్ములు. కదిలే బొమ్మలు తీసే యంత్రం తయారుచేసి 1895లో లోకానికి చూపించారు. వాళ్లు తీసిన మొదటి బొమ్మల్లో రెండింటి గురించి చెప్తాను. ఒకటి అచ్చంగా యింటి సినిమా. అన్నగారు, ఆయన భార్య తోటలో బల్ల దగ్గర కూచుని తమ చంటిపాపకి తిండి తినిపిస్తుంటారు. అంతే, నిమిషం కూడా వుండదు. ఆ బొమ్మ చూసినవాళ్లు పాపని చూసి ముచ్చటపడ్డారు సరే, అంతకంటే ఎక్కువగా వెనకాల చెట్ల ఆకులు గాలికి కదలటం చూసి నోళ్లు వెళ్లబెట్టారట. పాప కోసం తీసిన బొమ్మలో ఆకులే అందరికీ గుర్తుండిపోయాయి!

రెండోది మన కథకి ఇంకా దగ్గర. 1895 జూన్‌లో ఫోటోగ్రాఫర్ల మహాసభకి వచ్చిన పెద్దమనుషులు సోన్ అనే నది మీద పడవ షికారు చేసి ఒడ్డున దిగారు. ఆ దిగటాన్ని లూమియేర్ తీసి, ఒకటి రెండు రోజుల్లోనే ఆ దిగినవాళ్లకే చూపించాడు. తాము చేసిన పడవ ప్రయాణాన్ని తెర మీద తామే చూసుకున్న మొదటివాళ్లు బహుశా వాళ్లే. "అదుగో నేను!" అని ఎంతమంది అరిచి వుంటారో మనం వూహించుకోవచ్చు. మరుసటి యేడు, 1896 జూలై 7న, లూమియేర్ బొమ్మలు బొంబాయిలోని వాట్సన్ హోటల్‌కి వచ్చాయి. మన దేశంలో సినిమా ముఖం చూసిన రోజు అదే.

ఆ తర్వాత చాలా కాలం ఇంటి సినిమా అనేది జమీందార్ల, పెద్ద ఉద్యోగుల వేడుకగానే వుండిపోయింది. కొడాక్ కంపెనీ 1932లో ఎనిమిది మిల్లీమీటర్ల ఫిల్ము తెచ్చినా, దాన్ని కొని, కడిగించి, గోడ మీద వేసుకుని చూసే స్తోమత మామూలు సంసారికి ఎక్కడిది? అసలు మార్పు తెచ్చింది వీడియో. జపానులో సోనీ వాళ్లు 1975లో బీటామాక్స్, జేవీసీ వాళ్లు 1976లో వీహెచ్ఎస్ తెచ్చారు. అరంగుళం వెడల్పు ప్లాస్టిక్ రిబ్బను, దాని మీద అయస్కాంతపు పొడి పూత. కడిగే పని లేదు, చీకటి గది అక్కర్లేదు. తీసిన మరుక్షణం వెనక్కి తిప్పి చూసుకోవచ్చు. చెరిపి మళ్లీ వాడుకోవచ్చు. ఎన్ని బారసాలల మీద ఎన్ని డబ్బింగ్ సినిమాలు ఎక్కాయో ఆ దేవుడికే తెలియాలి!

హైదరాబాదులో దూరదర్శన్ మొదలైంది 1977లో. ఢిల్లీలో ఆసియా క్రీడలు జరిగిన 1982లో రంగుల టీవీ వచ్చింది. పట్నాలకి వీడియో వచ్చిన దారి ఇది. మా జిల్లాలకి మాత్రం వీడియో ఢిల్లీ నుంచి రాలేదు, ఎడారి నుంచి వచ్చింది.

1973 తర్వాత చమురు ధరలు పెరిగి అరబ్బు దేశాల్లో మేడలూ రోడ్లూ లేచాయి. వాటిని కట్టటానికి చేతులు కావాల్సి వచ్చాయి. బావులెండిన జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల, నిర్మల్ పల్లెల నుంచి మగవాళ్లు బయల్దేరారు. మస్కట్ పోయినా, బహ్రెయిన్ పోయినా, సౌదీ పోయినా మా దగ్గర "దుబాయి పోయిండు" అనే అంటారు. రెండేళ్లకో మూడేళ్లకో రెండు నెలల సెలవు మీద వచ్చేవాళ్లు. వచ్చేటప్పుడు దుప్పట్లు, సెంటు సీసాలు, టూ-ఇన్-వన్ రేడియో. నాలుగు రాళ్లు ఎక్కువ వెనకేసిన వాళ్లయితే వీసీఆర్. అలా బస్సు సరిగ్గా రాని ఊళ్లోకి కూడా జపాను యంత్రం వచ్చి, గుడ్డ కప్పుకుని మూలన కూచుంది.

ఇక్కడ ఆడవాళ్ల సంగతి ఒకటి చెప్పాలి. భర్త ఎడారిలో వుంటే ఇక్కడ బీడీలు చుడుతూ, పిల్లల్ని బడికి పంపుతూ, అత్తమామల్ని చూసుకుంటూ వుండిపోయిన ఇల్లాళ్లలో చాలామందికి ఉత్తరం రాయటం రాదు. రాయించాలంటే ఇంకొకరికి మనసు విప్పి చెప్పాలి. అందుకని చాలా యిళ్లల్లో టేపురికార్డర్ ముందు కూచుని కేసెట్ నింపి పంపేవాళ్లు. కోడి కూత, పసివాడి ఏడుపు, అత్త దగ్గు, అన్నీ ఆ కేసెట్లో పడేవి. వీడియో వచ్చాక మాటకి మొహం తోడైంది. చెల్లెలి పెళ్లికి రాలేకపోయిన అన్న, తండ్రి దశదిన కర్మకి అందుకోలేకపోయిన కొడుకు, అక్కడ ఎనిమిదిమంది పడుకునే గదిలో టీవీ ముందు కూచుని ఆ కేసెట్లు చూసుకున్నారు. మా జిల్లాల్లో వీడియో చరిత్ర రాయాలంటే సినిమాహాళ్ల దగ్గర మొదలుపెట్టకూడదు, ఆ గదుల దగ్గర మొదలుపెట్టాలి.

మా లాంచీ ప్రయాణం కేసెట్ కూడా అలా పుట్టిందే. మా చిన్నబాపు మస్కట్లో పనిచేసేవాడు. ఆ యేడు సెలవు మీద వస్తూ భుజమ్మీద పెట్టుకునే పెద్ద కెమెరా ఒకటి తెచ్చాడు. అందరం కలిసి భద్రాచలం పోయి, రాముడి దర్శనం చేసుకుని, కూనవరంలో లాంచీ ఎక్కి, పాపికొండల మధ్యగా రాజమండ్రి దిగాలని ఏర్పాటు. బాపు దర్శకత్వంలో వచ్చిన "అందాల రాముడు" సినిమా 1973 నాటిది. రాజమండ్రి నుంచి భద్రాచలం దాకా లాంచీలోనే నడిచే కథ. ఆ సినిమా చూసిన మా పెద్దవాళ్లందరికీ ఒక్కసారైనా ఆ లాంచీ ఎక్కాలని కోరిక. కాకపోతే వాళ్లు ఏటికి ఎదురు వెళ్లారు, మేం వాలుకి వచ్చాం.

కేసెట్ మొదట్లో ఇరవై నిమిషాలు కొండలే. కుడి పక్క కొండ, ఎడం పక్క కొండ, మళ్లీ కుడి పక్క. చిన్నబాపు పాపం చెయ్యి వణక్కుండా ఎంతో శ్రద్ధగా తీశాడు. కానీ ఆ కొండల్నే ఇప్పుడు ఇంతకంటే నిగనిగలాడేట్టు ఎవరైనా చూపిస్తున్నారు. ఆ తర్వాత ఒక్కొక్కరి దగ్గరికీ కెమెరా తిప్పి "ఏమన్న చెప్పుండ్రి" అంటాడు. ఎవరికీ ఏం చెప్పాలో తోచదు. మా బాపు గొంతు సవరించుకుని, ఆఫీసులో జవాబు చెప్పినట్టు "ప్రయాణం సుఖంగా సాగుతున్నది" అన్నాడు. మేం పిల్లలం ఒకర్నొకరు తోసుకున్నాం. అమ్మ సకినాల డబ్బా మూత తీస్తూ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని, "నన్నెందుకు తీస్తవు, గా కొండలను తియ్యరాదూ!" అంది.

మా నాయనమ్మని మేం అవ్వ అనేవాళ్లం. ఆమె వంతు వచ్చింది. "ఇది మాటలు గుడ పడుతదా బిడ్డా?" అని అడిగింది. పడుతుందని చెప్పగానే, కెమెరా పట్టుకుని మూడడుగుల దూరంలో నిలబడ్డ కొడుకుతో, అతను అప్పుడే మస్కట్ చేరిపోయినట్టు మాట్లాడటం మొదలుపెట్టింది. "పైలం బిడ్డా. ఎండల తిరగకు. వేళకింత తిను. ఇంటి రంది పెట్టుకోకు." కెమెరా కొంచెం కదిలింది. తీసేవాడు తెర మీద కనిపించడు కదా! ఆ కదలటమే ఆ కేసెట్ మొత్తంలో మా చిన్నబాపు బొమ్మ. ఎదురుగా వున్న కొడుక్కి చెప్పలేని మాట, దూరంగా వున్న కొడుక్కి చెప్పింది మా అవ్వ. ఇరవై రోజుల తర్వాత ఆ కేసెట్ అతని పెట్టెలో మస్కట్ పోయింది. శుక్రవారం సెలవు రోజున గదిలో వాళ్లంతా చూసేవాళ్లట. మూడేళ్ల తర్వాత అతనితోనే తిరిగొచ్చింది. గోదావరి రెండుసార్లు సముద్రం దాటిందన్నమాట!

ఇంతకీ ఆ లాంచీల దారి ఏనాటిది? పాపికొండలంటే విహారయాత్ర అనే అనుకుంటాం గానీ, ఆ దారికి మా కరీంనగర్, ఆదిలాబాద్ గట్లతో ముడిపడిన పెద్ద చరిత్రే వుంది. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన (1847-52) ఆర్థర్ కాటన్ దొర పేరు వినని తెలుగువాళ్లుండరు. నీళ్లు పొలాలకి పారిస్తే సరిపోదని, నది మీద పడవలు కూడా నడపాలని ఆయన పట్టు. బంగాళాఖాతం నుంచి గోదావరి మీదుగా కాళేశ్వరం దాకా, అక్కణ్ణించి ప్రాణహిత మీదుగా వార్ధా లోయ దాకా పడవలు నడిపితే, నాగపూర్, బీరారు సీమల పత్తి నేరుగా సముద్రానికి చేరుతుందని ఆయన లెక్క. ప్రాణహిత అంటే వార్ధా, వైన్‌గంగ కలిసిన నది. దాని పడమటి గట్టు మా ఆదిలాబాద్. అది గోదావరిలో కలిసే చోట కాళేశ్వరం, నిన్న మొన్నటి దాకా మా కరీంనగర్ జిల్లా ఊరు, 2016 నుంచి భూపాలపల్లి జిల్లా.

1860లో నిజాం నవాబుకీ ఇంగ్లీషువాళ్లకీ ఒప్పందం జరిగింది. 1857 తిరుగుబాటులో తమ పక్షాన నిలిచినందుకు నవాబుకి అప్పు మాఫీ చేసి, కొన్ని ప్రాంతాలు తిరిగి యిచ్చారు. బదులుగా గోదావరి ఎడమ గట్టు ప్రాంతం పుచ్చుకుని, ఆ నది మీద సరుకుకి సుంకం లేకుండా చేయించుకున్నారు. పత్తి మీద అంత కన్ను! అవతలి గట్టున సిరొంచ కేంద్రంగా ఎగువ గోదావరి జిల్లా అని ఒకటి పుట్టింది. కాళేశ్వరం మెట్ల మీద నిలబడితే ఎదురుగా కనిపించే ఊరే అది. ఆ మరుసటి యేడే అమెరికాలో అంతర్యుద్ధం మొదలై, ఇంగ్లండు మిల్లులకి అమెరికా పత్తి రావటం ఆగిపోయింది. దాంతో మన నది మీద పని జోరందుకుంది.

దారికి మూడు చోట్ల రాళ్లు అడ్డం. మొదటిది భద్రాచలానికి ఎగువన దుమ్ముగూడెం దగ్గర, రెండోది కాళేశ్వరానికి దిగువన ఇచ్చంపల్లి దగ్గర, మూడోది ప్రాణహిత మీద దేవల్‌మరి దగ్గర. రాళ్లని తప్పించుకుంటూ పక్కన కాలవలు తవ్వి, లాకులు కట్టాలని పథకం. దుమ్ముగూడెం దగ్గర ఆనకట్ట కట్టారు, లాకులు పెట్టారు. నీళ్లు నిండుగా వున్న నెలల్లో ఆవిరి పడవలు కూడా తిరిగాయి. ఇంతలో 1867లో బొంబాయి నుంచి నాగపూర్‌కి రైలు వచ్చేసింది. పత్తి మూటలు రైలెక్కి పడమటికి పోయాయి. 1871లో సర్కారు పథకానికి స్వస్తి చెప్పింది. దుమ్ముగూడెం ఆనకట్ట మాత్రం పడవల పథకానికి గుర్తుగా ఇంకా వుంది.

మా గట్ల మీద ఆవిరి పడవలు పోయి మళ్లీ నాటు పడవలే మిగిలాయి. కాళేశ్వరానికీ సిరొంచకీ మధ్య చుట్టాలు, పెళ్లిళ్లు, కూరగాయలు, పుస్తెలు, పంచాయితీలు అన్నీ నూటయాభై ఏళ్లు పడవల మీదే నడిచాయి. 2016 చివర్లో గోదావరి మీద వంతెన తెరిచాక ఆ పడవల పని తగ్గిపోయింది. ఆ పడవల్ని 1991 పుష్కరాల్లోనో, 2003 పుష్కరాల్లోనో ఎవరైనా వీడియో తీసే వుంటారు. స్నానం చేస్తున్న అత్తగారి వెనకాల, నీళ్లలో ఒక మూలగా గడ వేస్తున్న పడవవాడు కనిపించే వుంటాడు. అతన్ని తియ్యాలని మాత్రం ఎవరూ తీసి వుండరు.

దిగువన లాంచీల దారి సంగతి ఇంకోలా మారింది. మా కేసెట్లో పేరంటాలపల్లి వస్తుంది. చెట్ల నీడలో శివాలయం, దాని దారిలో వెదురు పూలు అమ్మే కొండరెడ్ల ఆడవాళ్లు. మా మేనత్త బేరమాడుతోంది. చిన్నబాపు తీసింది మేనత్తనే. కానీ ఇప్పుడు చూస్తే, బేరం తెగక నవ్వుతూ తల తిప్పుకున్న ఆ కొండరెడ్ల అమ్మాయే తెరంతా నిండి కనిపించింది. ఆ తర్వాత దేవీపట్నం. రేవు మెట్లు, బట్టలుతికే ఆడవాళ్లు, లాంచీని చూసి చేతులూపుతూ ఒడ్డెమ్మట పరిగెత్తే పిల్లలు. సరంగు హారన్ కొట్టాడు. మొత్తం ఒక్క నిమిషం వుంటుందేమో. అదీ ఎందుకంటే, చిన్నబాపు అప్పుడు లాంచీ ముందు జెండాని తీస్తున్నాడు. ఊరు దాని వెనకాల పడింది.

రాష్ట్ర విభజన జరిగిన 2014లో, పోలవరం ముంపు కింద వచ్చే ఏడు మండలాలు, మేం లాంచీ ఎక్కిన కూనవరంతో సహా, ఖమ్మం జిల్లా నుంచి ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లాయి. 2021 జూన్‌లో ప్రాజెక్టు దగ్గర నదిని స్పిల్‌వే మీదుగా మళ్లించారు. వరదొస్తే వెనక్కి ఎగదన్నే నీళ్లు దేవీపట్నం ఇళ్లల్లోకి చేరి, జనం ఊళ్లు ఖాళీ చేసి పునరావాస కాలనీలకి తరలారు. మేం చేసినట్టు కూనవరంలో ఎక్కి ఏకబిగిన రాజమండ్రి రేవులో దిగటం ఇక లేదు. మధ్యలో ప్రాజెక్టు నిలబడింది. ఒడ్డెమ్మట పరిగెత్తిన ఆ పిల్లలకి ఇప్పుడు నలభై దాటి వుంటుంది. తమ ఊరి రేవు, అందులో బట్టలుతుకుతున్న తమ తల్లులు, ఎక్కడో కరీంనగర్లో ఒక యింటి అటక మీద ఇన్నాళ్లూ భద్రంగా వున్నారని వాళ్లకి తెలీదు.

అదే నది ప్రాణాలూ తీసింది. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర విహారానికి వెళ్లిన బోటు మునిగి, ఎక్కిన 77 మందిలో 26 మందే ప్రాణాలతో బయటపడ్డారు. పోయినవాళ్లలో మన ఓరుగల్లు వైపు వాళ్లూ వున్నారు. ఆ కుటుంబాల దగ్గర మిగిలిన పాత వీడియోల్ని మనం చూసే కళ్లతో వాళ్లు చూడలేరు. వాళ్లకి ముందు దృశ్యం, వెనక దృశ్యం అని రెండుండవు.

ముంపు అనగానే దూరంగా చూడక్కర్లేదు. మా కరీంనగర్‌కి ఆనుకుని 1985 నాటికి దిగువ మానేరు డ్యాము పూర్తయింది. ఇప్పుడు సాయంత్రాలు పిల్లల్ని తీసుకెళ్లి బోటెక్కించేది ఆ నీళ్ల మీదే. ఆ నీళ్ల కింద పొలాలున్నాయి, బావులున్నాయి. ఎల్లంపల్లి బ్యారేజీకి గోదావరికి ఇటు కరీంనగర్ పల్లెలూ, అటు ఆదిలాబాద్ పల్లెలూ ముంపయ్యాయి. వేములవాడ దగ్గర మధ్య మానేరు నిండినప్పుడు కొడుముంజ, రుద్రవరం, అనుపురం, చింతలఠాణా పాత ఊళ్లు నీళ్లల్లోకి పోయాయి. నీళ్లు కావద్దని ఎవరూ అనరు. బావులెండి బిడ్డల్ని ఎడారికి పంపుకున్న సీమ నీళ్లొద్దని ఎలా అంటుంది? కానీ ఊరిచ్చినవాళ్లకి తమ ఊరు ఎలా వుండేదో చూసుకోవటానికి ఏం మిగిలింది? చాలామందికి పెళ్లి కేసెట్లే. అప్పగింతల వెనకాల కనిపించే వాకిలి, ఊరేగింపు దారిలో వచ్చే వేపచెట్టు, హనుమాండ్ల గుడి. వీడియో వాడు ముఖాల మీద లైటు వేసుకుంటూ పోతుంటే, ఆ లైటులో ఒక క్షణం మెరిసి పోయిన గోడలు.

ఇంకొక ముంపు సంగతి ఆడవాళ్లం మనం మాట్లాడుకోవాలి. మా కేసెట్ మూడు గంటలు. అందులో మా అమ్మ ఎంతసేపు వుందో ఈసారి లెక్కపెట్టి చూశాను. తిన్నగా కెమెరా ముందు ఒక్క నిమిషం కూడా లేదు. కానీ వెనకాల ఎక్కడ చూసినా అమ్మే! బాపు ఫోజు పెట్టినప్పుడు వెనకాల విస్తళ్లు సర్దుతోంది. పిల్లలం పాట పాడుతుంటే పక్కన ఎవరికో దాహానికి నీళ్లు వంచుతోంది. పాపికొండలు వచ్చాయని అందరూ ముందుకి పరిగెడితే, ఆమె మాత్రం వాంతులవుతున్న మా చెల్లెల్ని ఒళ్లో వేసుకుని వెనక బల్ల మీద కూచుంది. అమ్మ పాపికొండలు చూడనే లేదు! ఇప్పుడు డెబ్భై దాటాక, మా పక్కన సోఫాలో కూచుని, ఈ కేసెట్లో చూసింది. "అబ్బ, గింత మంచిగుండెనా!" అంది. అందరం నవ్వాం గానీ, నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

"నన్నెందుకు తీస్తవు" అన్న ఆ ఒక్క మాట ఎన్ని వేల కేసెట్లలో వినిపిస్తుందో! మన తల్లులు, అత్తలు, మేనత్తలు అందరూ అన్నమాటే. వినయమనుకుని తీసేవాళ్లు కెమెరా పక్కకి తిప్పేశారు. ఆ తిప్పటంలో వంట చేసిన చేతులు, మోసిన చేతులు బొమ్మ అంచుకి జరిగిపోయాయి. అదృష్టమేమిటంటే, అంచుల దాకా కూడా కెమెరా కన్ను తెరిచే వుంటుంది. రాసేవాళ్లు తమకి అక్కర్లేనిది వదిలేస్తారు. కెమెరాకి వదిలెయ్యటం చేతకాదు. అందుకే యింటి ఆడవాళ్ల చరిత్ర వెతకాలంటే డైరీల కంటే, దస్తావేజుల కంటే ఈ నల్లపెట్టెలు మేలు.

ఆ పెట్టెలకీ ఆయుష్షు వుంది మరి. రిబ్బను మీది పూత ఇరవై ముప్ఫయ్యేళ్లకి రాలటం మొదలవుతుంది. వానాకాలం చెమ్మకి తెల్లటి బూజు పడుతుంది. వీసీఆర్లు తయారుచేస్తూ వచ్చిన జపాను కంపెనీ ఫునాయ్ 2016 జూలైలో ఆ పని మానేసింది. అంటే యంత్రాలు వున్నవి వున్నట్టే అరిగిపోవాల్సిందే. బూజు పట్టిన కేసెట్‌ని ఆత్రంగా పాత మిషన్లో పెట్టారో, రిబ్బను చిక్కుకుని తెగుతుంది. పట్నాల్లో ఇప్పటికీ పెళ్లి వీడియోలు తీసే పాత స్టూడియోలవాళ్లు కొందరు శుభ్రం చేసి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఇస్తున్నారు. అన్నీ ఒక్కసారి చేయించలేకపోతే, ముందు పెళ్లి కేసెట్ కంటే యాత్ర కేసెట్, ఊళ్లో పండగ కేసెట్ చేయించండి. పెళ్లికి ఆల్బం ఎటూ వుంటుంది. ఊరికి ఆల్బం వుండదు.

చేయించాక, పిల్లల ఫోన్లకి పంపేసి వూరుకోకండి. యింట్లో పెద్దవాళ్లని పక్కన కూచోబెట్టుకుని చూడండి. చేతిలో ఒక నోటు పుస్తకం పెట్టుకోండి. "ఆ ఎర్ర చీరావిడ ఎవరమ్మా? ఆ ఊరు ఏది? ఆ చెట్టు ఇంకా వుందా?" అని అడిగి రాసుకోండి. బొమ్మ యంత్రంలో భద్రంగానే వుంటుంది, పేర్లు మాత్రం మనుషులతో పోతాయి. మా కేసెట్లో లాంచీ చుక్కాని దగ్గర నిలబడి, మా అవ్వ మాటలకి చెంగుతో కళ్లొత్తుకున్న ముసలావిడ ఒకామె వుంది. మా బంధువు కాదు, ఎవరి బంధువో తెలీదు. ఆ రోజు ఎవరైనా ఒక్క మాట అడిగి వుంటే తెలిసేది.

రేపు మీ పిల్లలు సముద్రం మీద ఏ ఓడలోనో షికారు పోతూ ఫోను తీసినప్పుడు ఒక మాట చెప్పండి. సూర్యాస్తమయం ఎవరైనా తీస్తారు. బల్ల తుడుస్తున్న పనివాణ్ణి, ఒడ్డున చెయ్యూపుతున్న పిల్లని, పెట్టెలు సర్దుకుంటున్న అమ్మని కూడా తీయమనండి. ఆ అమ్మ "నన్నెందుకు" అంటే మాత్రం ఫోను పక్కకి తిప్పొద్దని గట్టిగా చెప్పండి.